కేరానక్క చిక్కుడు విత్తనం

కేరానక్క వండిన చిక్కుడు గింజల పులుసు తినని మనిషి మా కొండ ఊళ్లో లేడు. ఆమె దగ్గర విత్తనం పుచ్చుకున్న మనిషీ లేడు. అర్దా ఏటి ఒడ్డున ఆమె పెరట్లో, ఇద్దరు మనుషుల ఎత్తు కర్రల మీద పాకే ఆ చిక్కుడు అత్తగారి అత్తగారి నాటిది. గింజ బొటనవేలి గోరంత ఉంటుంది, ఊదారంగు మీద నల్లమచ్చలు. ఎవరడిగినా ఒకటే మాట: "గిన్నె తెచ్చుకో, వండింది పోస్తా. విత్తనం గడప దాటితే నా పాదు కాయదు." అది ఉత్త పిసినారితనమని నా అభిప్రాయం. నేనూ మూడుసార్లు అడిగి భంగపడ్డాను లెండి.

అడగకుండా తీసుకున్నవాడు పక్కింటి దెల్చో. పదకొండేళ్ల కిందట కంచె సందులోంచి చెయ్యి పెట్టి నాలుగు ఎండుకాయలు తెంపుకుపోయాడు. మరుసటి ఏడు అతని గొడ్లపాక వెనకాల అవే పూలు పూశాయి. అప్పటినుంచి కేరానక్క అతన్ని పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. చర్చి ముందు ఎదురుపడినా "ఏరా దొంగా" అనేది. "దొంగిలించిన విత్తే బాగా కాస్తుందట వదినా, మా అమ్మ చెప్పేది" అని అతను పళ్లికిలించేవాడు.

మొన్నటి వేసవిలో వడగళ్లు పడి ఆమె పాదులన్నీ చితికిపోయాయి. చేతికొచ్చింది విత్తనానికి సరిపడా ఒక్క గుడ్డసంచి. పురుగు చావాలని, మేమంతా చేసినట్టే, డిసెంబరు చలిలో ఆ సంచిని వసారాలో వేలాడదీసింది. తినడానికి మాత్రం పట్నం నుంచి గింజలు కొని తెప్పించుకుంది.

క్రిస్మస్ ముందురోజు మా ఇళ్లలో మాంసం ఉండదు. చిక్కుడు కుండ మాత్రం ఉండి తీరాలి. పండక్కి రాజధాని సోఫియా నుంచి వచ్చిన కేరానక్క కొత్తకోడలు ఇవెలీనా అత్తగారిని సంతోషపెడదామనుకుంది. వసారాలో సంచి చూసి, పండక్కని దాచిన మేలురకం కాబోలనుకుని, అంతకుముందు రాత్రే నానబోసి, పొద్దున్నే పొయ్యెక్కించేసింది.

నేను ఉప్పు బదులడగడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. కేరానక్క కుండ మూత తీసింది.

"ఇవెక్కడివే?"

"వసారాలోవి అత్తయ్యా. కొన్నవి మరీ చిన్నవిగా ఉన్నాయని..."

"అన్నీ వేసేశావా?"

"సంచి కూడా ఉతికి ఆరేశాను."

ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. తీరా ఆమె పీట మీద కూలబడి ఏడ్చింది. మూడు తరాల విత్తు కళ్లెదుట కుతకుత ఉడుకుతోంది మరి. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం ఆ కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కాసేపటికి కేరానక్క ముఖం తుడుచుకుని, శాలువా కప్పుకుని, తిన్నగా దెల్చో ఇంటికి నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండగలనా?

గుమ్మంలోనే నిలబడి దెల్చో సంగతంతా విన్నాడు. పదకొండేళ్ల ఉక్రోషం ఊరికే పోతుందా?

"ఇస్తా వదినా. ముందు నేను దొంగను కాదని చెప్పు."

"దొంగవే," అంది కేరానక్క. "దొంగతనం చేసి నా విత్తు బతికించావు. నీ కడుపు చల్లగుండ, ఇంక గింజలు తే దెల్చో."

అతను లోపలికెళ్లి, దాచుకున్న సీసా మొత్తం తెచ్చి ఆమె ఒడిలో వంపాడు. ఆమె ఒక్కొక్క గింజా తిప్పి చూసుకుంది. తర్వాత సగం తీసి తిరిగి సీసాలో పోసింది, దాన్ని అతని చేతిలోనే పెట్టింది.

"ఇవి నీ దగ్గరే ఉండనీ. మా ఇంట్లో కొత్తకోడలుంది."