తాత పేరు కోసం తొందరపడ్డాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నా గుండెల మీద బండలా కూర్చునుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. ఇంటికి పెద్దకోడలిని. పెళ్లయి ఏళ్లు గడిచినా నా కడుపు పండలేదు. మా మరిది భార్య మాత్రం కాపురానికొచ్చిన ఏడాదే నెల తప్పింది. అందరికీ స్వీట్లు పంచింది నేనే. లోపల మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టు మండింది. మరుసటి నెలలో నేనూ నెల తప్పాను. సంతోషించాలి కదా? సంతోషించాను, కానీ తనకంటే వెనకబడ్డానన్న ఏడుపే ఆ సంతోషాన్ని మింగేసింది.

మా ఇంట్లో మొదటి మనవడికే పోయిన మామయ్య పేరు. అది తన కొడుక్కి దక్కుతుందని తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. పుట్టేది మగపిల్లాడని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అసూయకు అంత ఆలోచన ఉంటే ఇంకేం!

కాన్పుకి పుట్టింటికి వెళ్లాను. తోడికోడలి కంటే ముందే కనాలని, అక్కడ కొత్త డాక్టరమ్మకి నెల తప్పిన తేదీ వెనక్కి జరిపి చెప్పాను. అంతకుముందు స్కానింగే తీయించలేదన్నాను. లెక్క ఖాయమేనా అని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. ఖాయమే అన్నాను. అత్తయ్యతోనేమో, బిడ్డ బాగా ఎదిగింది, ముందే ఆపరేషన్ చేయొచ్చని డాక్టరమ్మ చెప్పిందన్నాను. మంచి నక్షత్రం చూడమన్నాను. ఆమె మురిసిపోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది.

ఆ ముహూర్తానికే ఆపరేషన్ చేశారు. బాబు పుట్టాడు. ఊపిరి అందక అద్దాల పెట్టెలో పెట్టారు. ఆపైన కామెర్లు. పాలు పీల్చే ఓపిక కూడా లేదు. నెలలు నిండలేదని పిల్లల డాక్టరు చూడగానే చెప్పేశాడు. తేదీ సరిగా గుర్తులేదని గొణిగాను.

నా తోడికోడలు నిండు కడుపుతో చూడటానికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"మామయ్య పేరు నీ బిడ్డకే పెట్టాలని మా ఆయనతో ఎప్పుడో చెప్పానక్కా. పెద్దదానివి నువ్వు కదా," అంది.

అప్పుడేమనుకున్నానో తెలుసా? ఈ మంచితనం కూడా తనకే ఎందుకుండాలి అనుకున్నాను.

నెలలు నిండి పుట్టిన తన కొడుకు మిరప కోతలప్పుడు కళ్లంలో పరుగులు తీస్తాడు. మావాడు ఆ ఘాటుకి ఆయాసపడుతూ గదిలో కూర్చుంటాడు. చదువులోనూ కాస్త వెనకే. ముందే పుట్టినందుకేనా? కావచ్చంటారు డాక్టర్లు, ఖాయంగా చెప్పరు. నాకు ఆ మాట చాలు. ఇప్పటికీ ఆ పిల్లాడి పరుగు చూస్తే నా కడుపు మండుతుంది.

మావాడికి ఆయాసం వచ్చినప్పుడల్లా అత్తయ్య వాడి వీపు రాస్తూ, నా ముహూర్తాల పిచ్చే నీకింత చేటు చేసింది నాయనా అని ఏడుస్తుంది. నేను పక్కనే నిలబడి వింటాను.

ఆమె తప్పు కాదు. అబద్ధమాడింది నేను. ఈ మాట ఆమె ముందు అనగలనా? ఏమో. ఇక్కడైతే అన్నాను.