మామ కారుకు నేను తెప్పించిన పంపు

మా మామకు గుడియాత్తంలో ఇనుప సామాన్లు కోసి చేసిచ్చే లేతు షాపు ఉండేది. మామంటే మా అమ్మ తమ్ముడు. మగ్గాల సామాన్లు, బోరు మోటార్ల షాఫ్టులు, అగ్గిపెట్టెల మిషన్ల చక్రాలు, ఏది అరిగిపోయినా జనం ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆయన చేసిచ్చిన సామాను కొలత తప్పిందని ఎవురూ వెనక్కి తెచ్చినట్టు నేను వినలేదు. ఆ షాపులో, లేతుకు వెనక, గోనెపట్టలు కప్పిన కారు ఒకటుండేది.

పేర్ణాంబట్టు దగ్గర తోళ్ళ వ్యాపారం చేసేవాళ్ళ షెడ్డులో అది ఏండ్ల తరబడి పడుండింది. ఇంగ్లండులో తయారైన పాతకాలం స్పోర్ట్సు కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందర బానెట్టు మాత్రం చాలా పొడుగు. సీట్లు ఎలుకలు కొరికేసి, అడుగంతా తుప్పుబట్టి ఉండింది. పాత ఇనుము కింద అమ్మేస్తా ఉంటే మామ చూసి, ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చినాడు. దాన్ని నిలబెట్టేదానికి తొమ్మిదేండ్లు పట్టింది. దొరికిన సామాను కొన్నాడు, దొరకనిది తానే చేసుకున్నాడు. ఆకుపచ్చ రంగు కూడా తానే కొట్టినాడు.

మా అత్త పుట్టిల్లు ఒడుగత్తూరు. “ఉండేది రెండు సీట్లే గదా. నేను, మీ అత్త. పళ్ళికొండ ఊరి మీదుగా పోయి, మీ అత్తోళ్ళ ఊరి కొండ కనిపించేదాకా టాపు లేకుండా గాలికి పోవాల” అనేవాడు మామ. అత్త “ఆ ఎండకు తల పగిలిపోతాది” అని గొణిగేది. గొణుగుతానే ఒకసారి బజారులో తలకు కట్టుకునే గుడ్డ ఒకటి, ఆకుపచ్చదే, ఏరి ఏరి కొనుక్కునింది.

అన్నీ అయి వాటర్ పంపు ఒకటి మిగిలింది. ఇంజనులో నీళ్ళు తిప్పేది అదే. పాతది ఎన్నిసార్లు బాగుచేసినా కారతానే ఉండింది. సరిగ్గా అప్పుడే మామ కండ్లు చెడినాయి. చక్కెర జబ్బు లోపల్లోపల తినేసింది. నేనుండేది వేలూరు పక్క తొరపాడిలో కాబట్టి కండ్లాస్పత్రికి నేనే తీసుకుపోయినాను. వచ్చే నెల ఆపరేషను చేస్తామని, చేసినా చూపు నిలుస్తుందని మాటివ్వలేమని డాక్టరమ్మ చెప్పింది. బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాం. మామ అడిగినాడు.

“పంపు ఎన్ని దినాల్లో వస్తాది పాపా?”

“ఇంగ్లండు నుంచి తెప్పిస్తే మూడు వారాలు మామా.”

“సరి, ఇప్పుడే పెట్టెయ్. ఆపరేషనుకు ముందే ఒకసారి తోలాల. ఇంజను నెంబరు చూసి పెట్టు. ఆ బండికి ఇంజన్లు రెండు రకాలు. వట్టి సంవత్సరం చూసి పెడితే తప్పిపోతాది.”

మరుసటిరోజు ఆఫీసులో, మధ్యాన్నం టిఫిను డబ్బా పక్కన పెట్టుకొని ఆర్డరు పెట్టినాను. ఇంజను నెంబరు ఫోటో నా ఫోనులోనే ఉండింది. అయితే గ్రీజు అంటుకొని, చివరి అక్షరాలు సరిగా కనబడలేదు. మామకు ఫోను చేస్తే తుడిచి, తడిమి చెప్పేవాడు. ఆ పొద్దు ఆఫీసులో ఆడిట్ జరగతా ఉండింది, మేనేజరు రెండుసార్లు పిలిచినాడు. ఆర్డరులో నెంబరు గడి ఖాళీగా వదిలేసి, సంవత్సరం మాత్రం కొట్టి పంపించేసినాను. జరిగింది ఇంతే. దీనికి ఇంకో కారణం లేదు.

ఆపరేషనుకు ఎనిమిది రోజులుండగా పార్సిలు వచ్చింది. లీవు పెట్టి గుడియాత్తం తీసుకుపోయినాను. మామ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని షాపు ముందర నిలబడుండినాడు. డబ్బా విప్పి పంపు చేతిలో పెట్టినాను. దాన్ని కండ్ల దగ్గరికి తీసుకోలేదు. బొటనవేలితో ఒకసారి పొడుగునా రాసినాడు.

“ఇది మనది కాదు మా.”

“అదేంది మామా?”

“ముక్కు పొడుగుండాది. దీన్ని బిగిస్తే ఫ్యాను పోయి రేడియేటర్ను కొట్టుకుంటాది. ఇది తర్వాత వచ్చిన ఇంజనుది.” పంపును మెల్లగా బల్ల మీద పెట్టినాడు. “నెంబరు ఇచ్చినా చూడకుండా పంపించినారు, చూడు. ఎంత అన్యాయమో.”

అత్త ఆ పంపినవాళ్ళను తిట్టింది. నేను నోరు తెరవలేదు. వాళ్ళు నేనడిగిందే పంపించినారు.

మామ కొంచేపు ఆలోచించి లేతు మీది గుడ్డ తీసినాడు. “పర్వాల్లేదు. విప్పి, షాఫ్టు కొంచెం సన్నం చేస్తే ఫ్యాను తగిలించే పుల్లీని లోపలికి జరపొచ్చు. నాకు ఇదొక పనా?” అన్నాడు. ఆ మాట వినేటప్పటికి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

షాఫ్టును లేతులో పట్టి తిప్పడం మొదలుపెట్టినాడు. కొంచెం కోసేది, మిషను ఆపేది, వెర్నియరు స్కేలుతో కొలిచేది. మొదట కొలతను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత వాకిట్లోకి పోయి వెలుతురుకు పట్టి చూసినాడు. తర్వాత తలొంచి, ఓరగా చూసినాడు. నాలుగోసారికి ఆ వెర్నియరు నాకు చాపినాడు.

“ఎంత చూపిస్తా ఉండాది పాపా?”

నాకు దాన్ని చదవడం రాదు. ఆ గీతలు చూస్తా నిలబడుకున్నాను. “రాదు మామా” అన్నాను. “సరి, సరి” అని మళ్ళీ తీసుకున్నాడు. ఇంకొక్కసారి కోసినాడు.

పుల్లీని షాఫ్టుకు తొడిగేదానికి చూసినాడు. దెబ్బేసి ఎక్కించాల్సింది అదంతట అదే లోపలికి పోయి, వదులుగా తిరిగి, జారి సిమెంటు నేల మీద పడింది. కొలత దాటిపోయింది. మామ దాన్ని ఎత్తుకోలేదు. లేతు స్విచ్చి ఆపి స్టూలు మీద కూచున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకున్నాడు.

“కండ్లు పోయినాయి మా” అన్నాడు. అంతకుముందు ఎవరి దగ్గరా ఆ మాట అనలేదు. డాక్టరమ్మకు కూడా బాగానే కనిపిస్తాదని చెప్పుకోనొచ్చినాడు.

సరైన పంపుకు ఆ సాయంత్రమే మళ్ళీ ఆర్డరు పెట్టినాను, ఈసారి గ్రీజు తుడిచి నెంబరు చూసి. అది వచ్చేటప్పటికి ఆపరేషను అయిపోయింది. ఒక కంటికి చూపే లేదు, రెండోదానికి వెలుతురు, నీడ తెలిసేది, అంతే. అయినా మామ దాన్ని చేత్తో తడిమి, “ఇదీ మనది” అన్నాడు. ఆయన చెప్తా ఉంటే బోల్టులు నేను బిగించినాను. ఇంజను ఒక్క తడవకే అందుకునింది. మామ బానెట్టు మీద చెయ్యి పెట్టుకొని ఆ శబ్దం విన్నాడు.

“నువ్వూ అత్తా కూచోండి మామా. డ్రైవరును పెట్టి ఒడుగత్తూరుకు పంపిస్తాను” అన్నాను.

“డ్రైవరొకడు కూచుంటే మిగిలేది ఒక సీటే గదా మా” అన్నాడు.

రెండు నెలలకు బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి కారును కొనుక్కొని, లారీ మీద ఎక్కించుకొని పోయినారు. మామ ఇంట్లోనుంచి బయటికి రాలేదు. “ఆ చూపుతో తోలుంటే యాడ గుద్దుండునో, మంచిదే అయింది పో” అనింది అత్త. అనేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. అత్త మాట నిజం కావచ్చు. ఆ నిజం నాకు ఏమాత్రం పనికిరాలేదు.

ఏడాది తర్వాత, ఆస్పత్రి వరండాలో వంతు కోసం కూచున్నప్పుడు చెప్పేసినాను. నెంబరు ఇవ్వలేదని, తప్పు నాదేనని. మామ నా చెయ్యి పట్టుకోనుండినాడు. వదల్లేదు, కానీ పట్టు సడలింది.

“ఎందుకు చూడలేదు?”

“టైం లేకపోయింది మామా.”

“ఒక ఫోను చేసింటే చెప్పుండునే.”

కోప్పడతాడని, కనీసం ఏడుస్తాడని అనుకున్నాను. లోపలినుంచి పేరు పిలిచినారు, లేచినాడు.

ఇప్పటికీ నెలకోసారి నేనే తీసుకుపోతాను. బస్సులో పక్కనే కూచుంటాడు, పిల్లల చదువులు అడుగుతాడు, నవ్వుతాడు. మందుల షాపులో మాత్రం నేను చీటీ చదివి మాత్రలు తీసుకున్నాక, చెయ్యి చాపి ఆ మాత్రల పట్టీలు అడిగి తీసుకొని, కౌంటరు వెనకుండే మనిషికిచ్చి, “ఇదేం మాత్రో ఇంకోసారి చెప్పప్పా” అంటాడు. అతను చదివి వినిపించేదాకా నేను పక్కన నిలబడుకోనుంటాను.