పెద్దమ్మ ఊపిరి ఎవరూ కొలవలేదు

కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క ఇరికించి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నది నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ. వాచిన వేళ్లు చూపించుకుందామని పోతే ఆమె నా కన్నీళ్లు కొలిచింది, గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచింది, నీరసం పదికి ఎంతో చెప్పమన్నది. "ఈ కీళ్లవాతం కీళ్ల దగ్గర ఆగదమ్మా, కళ్లకీ ఊపిరితిత్తులకీ కూడా పాకుద్ది" అన్నది. ఆ మాట వినగానే మా పెద్దమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది నాకు.

అమ్మ పురిట్లోనే పోతే, ఆమె అక్క మా ఇంటికొచ్చి నన్ను సాకింది. విడవలూరుకు తూర్పున, సరుగుడు తోపులు దాటితే సముద్రమే మాకు. ఎండాకాలం పొద్దున ఒడ్డున ఆరబోసిన నెత్తళ్ల చేపల వాసన, తోపుల్లో గాలి హోరు, ఎర్రపీతల వెంట పరుగెత్తి వాటి బొక్కల్లో వేళ్లు పెట్టి కరిపించుకునే పిల్లలం మేము, మధ్యాహ్నానికి మట్టిదాకలో మామిడికాయ ముక్కలేసి పెద్దమ్మ కాచిన చేపల పులుసు. ఆ దాకను దించే చేతులు ఏటికేడు వంకర తిరిగినాయి. ఊరంతా ఆ చేతులనే చూసింది. వావిలాకు కాపడం పెట్టినారు, నూనెలు రుద్దినారు. "కళ్లల్లో ఇసక పోసినట్టుండాది" అని ఆమె అంటే, "సముద్రం ఒడ్డున ఇసక గాక ఇంకేం పడుద్ది?" అని నవ్వినారు.

గంగమ్మకు పొంగళ్లు పెట్టే రోజు, కొత్తబెల్లం వాసనా డప్పుల మోతా నడుమ, పెద్దమ్మ బిందెతో ఇసకదిబ్బ ఎక్కతా సగంలో కూలబడింది. రొమ్ము ఎగిరెగిరి పడతా ఉంది. మా నాయన అందరి ముందరా అరిచినాడు.

"నొప్పి వేళ్లకైతే ఊపిరెందుకు ఆడదు వదినా? పని తప్పించుకునే నాటకాలు గాకపోతే!"

ఆడవాళ్లు నవ్వినారు. తొమ్మిదేళ్ల నేనూ నవ్వినాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, బిందె ఎత్తుకుని లేచింది.

చివరికి టౌన్లో పెద్ద డాక్టరుకు చూపించినారు. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన వేళ్లు నొక్కి చూసి మాత్రలు రాసినాడు. "ఆయాసంగా ఉంటాది సార్, పొడి దగ్గు తగ్గదు" అని పెద్దమ్మ మొదలుపెట్టేలోపే, "నేను చూసేది కీళ్లు. అది వేరే డాక్టరు" అని చీటీ చేతిలో పెట్టినాడు. ఆ వేరే డాక్టరు దగ్గరికి ఎవరూ తీసకపోలేదు. ఆ వానాకాలంలోనే, గోడకానుకుని కూర్చుని, గాలి కోసం నోరు తెరుచుకుని పోయింది. వాతంతో పోయిందన్నారు. ఆ మాటతో అందరూ చేతులు కడుక్కున్నట్టయింది.

ఆసుపత్రి నించి నేరుగా మా ఊరికి పోయినాను. నెత్తళ్లు ఆరబోసిన ఒడ్డు పొడుగునా ఇప్పుడు రొయ్యల గుంటలు. ఇసకదిబ్బను లారీలు ఎప్పుడో మోసుకుపోయినాయి. పెద్దమ్మది ఒక్క ఫోటో కూడా లేదు. వసారాలో ఉన్న నాయనకు డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పినాను.

"అప్పట్లో మాకేం తెలుసు పాపా?" అన్నాడు.

"ఆమెకు తెలుసు నాయనా. రోజూ చెప్పింది."

నా కోపం చల్లారలేదు. ఆయన ఎదురుగానే కూర్చుని, నాకు రాసిచ్చిన మొదటి మాత్ర వేసుకున్నాను.