అంకె లేని రూపాయి

మొన్న కదిరి బస్టాండులో కండక్టరు నా అరచేతిలో చిల్లర పోశాడు. మధ్యాహ్నపు ఎండకు అతని తోలుసంచిలో కాగిన బిళ్ళలు తగిలి చెయ్యి చురుక్కుమంది. సీట్లో కూర్చున్నాక చూస్తే అరచేతినిండా చెమటా ఇనుమూ కలిసిన పుల్లటి వాసన. అది తగిలినప్పుడల్లా నాకు రజియా మేడం గుర్తొస్తారు. పోయినవాళ్ళు కొందరికి అత్తరుతోనో మల్లెపూలతోనో గుర్తుకొస్తారు. మా మేడం మాత్రం నాకు చిల్లర వాసనతోనే వస్తారు.

తొంభైల చివర్లో నల్లమాడ దగ్గరి ఒక పల్లె బడిలో నేను లెక్కల టీచరుగా చేరాను. రజియా మేడం అక్కడ ప్రధానోపాధ్యాయురాలు. పొడుగ్గా, సన్నగా, గంజిపెట్టిన నేతచీరలో ఉండేవారు. ఆమె గొంతు లేస్తే మైదానం చివర ఉన్న పిల్లలు కూడా బిగుసుకుపోయేవారు. చేరిన కొత్తలో నాకూ భయమే. ఒకరోజు సెలవు అడుగుదామని గదిలోకి వెళ్తే, కిటికీ దగ్గర నిలబడి భూతద్దంలోంచి ఒక రూపాయి బిళ్ళను చూస్తున్నారు. నేనెందుకు వచ్చానో కూడా అడగలేదు.

“రా రమా, ఇది చూడు. ఏం కనపడతాండాది?”

“రూపాయే కదా మేడం.”

“సింహాలు నిటారుగా పట్టుకోని, వెనక్కి తిప్పు.”

తిప్పాను. వెనకవైపు అంకె నిలబడి లేదు, పక్కకు వాలి పడుకుంది.

“టంకశాలలో పైనొక అచ్చు, కిందొక అచ్చు ఉంటాయి. నడిమిట్ల ఉత్త బిళ్ళ పెట్టి ఒకే గుద్దు. ఒక అచ్చు వదులై తిరిగిపోయినట్లుండాది, ఎవురూ చూసుకోలే. అన్ని కళ్ళు దాటుకోని ఇది మన పల్లెకొచ్చింది చూడు!” అన్నారు. బడంతా భయపడే ఆ మనిషి ముఖంలో, అప్పుడే పుట్టిన బిడ్డను చూస్తున్నంత సంబరం.

ఆ రోజే వాళ్ళమ్మగారి ఇత్తడి పాన్‌దాన్ తెరిచి చూపించారు. తమలపాకులు, వక్కలు ఉండాల్సిన అరల్లో దూదిమీద బిళ్ళలు. ఒకదానిమీద బొమ్మ పక్కకు జరిగి, మిగతా జాగా నెలవంకలా ఖాళీగా ఉంది. ఒకదాని అంచు ఎవరో కొరికినట్లుంది. ఇంకొకటి అసలు అచ్చే పడకుండా నున్నగా వచ్చేసింది. తప్పులు లేని బిళ్ళల్లోనూ తేడాలుంటాయని అప్పుడే తెలిసింది. సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాదులో, చుక్క ఉంటే నోయిడాలో పుట్టిందట. అన్నేళ్ళుగా నా చేతుల మీదుగా ఎన్ని రూపాయలు పోలేదు! అన్నీ ఒకటే అనుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పర్సంతా మంచంమీద గుమ్మరించి, దీపం కింద ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నాను.

చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఆమె ఒక మాట చెప్పిపెట్టారు. అంగట్లో వద్దన్న బిళ్ళ ఏదైనా తనకు తెచ్చిస్తే మంచిది మార్చిస్తానని. అలా వచ్చినవే అవన్నీ. కానీ ఆమె ఆశంతా ఒకదానిమీదే ఉండేది. అచ్చుకు ఒక బిళ్ళ అతుక్కుని ఊడిరాకపోతే, తర్వాత వచ్చే ఉత్త బిళ్ళ దానికే గుద్దుకుంటుంది. అప్పుడు ఒకవైపు సింహాలు ఎప్పటిలాగే ఉబ్బి ఉంటాయి, రెండోవైపు అవే సింహాలు తిరగబడి లోపలికి గుంటపడతాయి. నాకు అర్థం కావడానికి తడి బంకమట్టిలో రూపాయి నొక్కి చూపించారు. “పుస్తకంలో బొమ్మ చూసినా. చేత్తో పట్టుకోవాలని ఉండాది నాకు” అన్నారు.

వేరుశనగ ఎండిపోయిన ఒక ఏడు, భోజనాల వేళ, గొర్రెలు కాసుకునే ఓబులమ్మ బడికొచ్చింది. మందను గేటు బయట నిలిపి, కొంగుముడి విప్పింది.

“ఉప్పుకు పోతే అంగడాయన తీసుకోలే మేడం. అంకె లేదంట. నువ్వు మార్చిస్తావంట కదా?”

మేడం బిళ్ళ అందుకున్నారు. తిప్పారు. మళ్ళీ తిప్పారు. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. నేను ఆమె భుజం మీదుగా వంగి చూస్తే, అంకె ఉండాల్సిన చోట సింహాలు లోపలికి దిగి ఉన్నాయి. హిందీ అక్షరాలు అద్దంలో కనబడినట్లు తిరగబడి ఉన్నాయి. సొరుగులోంచి ఒక మంచి రూపాయి తీసిస్తే చాలు, ఓబులమ్మ దండం పెట్టి వెళ్ళిపోయేది.

“ఓబులమ్మా, దీన్ని నేను మార్చియ్యను.”

“ఏం మేడం, నువ్వూ చెల్లదంటావా?”

“చెల్లదని కాదమ్మా. ఇట్లాంటిదాని కోసరమే నేను ఇన్నేండ్లూ చూస్తాండా. బెంగుళూరులో కొనేవాళ్ళుండారు. రూపాయి కాదు, గొర్రె ధర వస్తాది. నీకు తెలియకుండా తీసుకుంటే మోసమైతాది.”

ఓబులమ్మ బిళ్ళను వెనక్కి తీసుకుని, కొత్తగా చూసింది. “ఇట్లాంటిది ఇంకొకటి యాడన్నా ఉండాదా?”

“ఉంటాయేమో. నేనైతే ఇదే చూడడం.”

“అట్లయితే నా దగ్గరే ఉండనీ” అని మళ్ళీ కొంగున ముడేసుకుంది.

మేడం ముఖం ఒక్క క్షణం వాడింది. తర్వాత గట్టిగా నవ్వేశారు. “అప్పుడప్పుడూ వస్తా. చూపిస్తావా?”

“చూస్తే అరిగిపోతాదా మేడం? రా.”

ఉప్పుకు రూపాయి నేనిచ్చాను.

అలా మొదలైంది ఆ రాకపోక. ఆదివారం పూట మేడం, నేను ఎర్రమట్టి దారిన ఓబులమ్మ ఇంటికి నడిచేవాళ్ళం. ఆమె కొంగు విప్పేది, మేడం భూతద్దం తీసేవారు. ఊరికే చూసి, సజ్జరొట్టె తిని వచ్చేవాళ్ళం. కరువు ముదిరి ఓబులమ్మ మంద మొత్తం అమ్ముకున్నప్పుడు, బెంగుళూరు వ్యాపారిని మేడమే వెంటబెట్టుకుని వచ్చారు. అతడు మంచి ధరే చెప్పాడు.

“తీసుకో ఓబులమ్మా. నా ముఖం చూడొద్దు, కడుపు చూసుకో” అన్నారు మేడం.

“కూలికి పోతాండా, గంజి తాగుతాండా” అంది ఓబులమ్మ. “గొర్రెలు పోయినాయి. ఎవురికీ లేనిది ఇదొకటన్నా నాకుండనీ మేడం.”

తిరుగుదారిలో మేడం, “నేను డబ్బానిండా పెట్టుకున్నా. దాని విలువ ఆమెకు తెలిసినంత నాకు తెలియలే” అన్నారు.

రిటైరయ్యాక మేడం కదిరిలో తమ్ముడి ఇంట్లో ఉన్నారు. నీటికాసుల జబ్బు ఆమె రెండు కళ్ళనూ కొద్దికొద్దిగా తీసుకుపోయింది. ఆ మాట చెబితే ఓబులమ్మ ఆ వారమే నాతో బస్సెక్కింది. గదిలోకి వెళ్ళి మేడం అరచేతిలో బిళ్ళ పెట్టింది.

మేడం బొటనవేలు బిళ్ళమీద తిరిగింది. ఒకవైపు ఉబ్బు, రెండోవైపు గుంట. వేలికొస ఆ సింహాల గుంటలోకి దిగి అక్కడే ఆగిపోయింది.

“రమా, ఇన్ని దినాలూ కండ్లతో చూసి సగమే చూసినానే!” అన్నారు. ఆమె చెంపలు తడిశాయి. ముఖం మాత్రం వెలుగుతోంది.

“నువ్వే పెట్టుకో మేడం” అంది ఓబులమ్మ.

“వద్దు. నా దగ్గరుంటే నువ్వు మళ్ళీ రావు. తీస్కపో, వచ్చే నెల తీసుకరా.”

మేడం ఉన్నన్నాళ్ళూ ఓబులమ్మ వస్తూనే ఉంది. మేడం పోయాక ఆ బిళ్ళ సంగతి ఎత్తడానికి నాకు మనసొప్పలేదు. ఒక ఆదివారం ఆమే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, నీళ్ళు తాగి, కొంగుముడి విప్పింది.

“మేడం లేదు కదమ్మా. ఇంక నువ్వు చూడు. చూసేవాళ్ళు ఒకరుండాల” అంది.

నేను పాన్‌దాన్‌లు పెట్టలేదు, బిళ్ళలు కూడబెట్టలేదు. ఓబులమ్మకు ఇప్పుడు బస్సెక్కే ఓపిక లేదు, నేనే వెళ్తున్నాను. గడప మీద ఇద్దరం కూర్చుంటాం. ఆమె బిళ్ళ నా చేతిలో పెడుతుంది. నేను కళ్ళు మూసుకుని బొటనవేలితో చూస్తాను.