తక్కువ పడిన అంగలు

సాయంత్రమయ్యేసరికి మా వీధి మలుపులో ఉడకబెట్టిన చెనక్కాయల బండి వచ్చి నిలబడుతుంది. ఉప్పునీళ్ళ ఆవిరి, తడిమట్టి వాసన కలిసి మా వరండా దాకా వస్తాయి. అనంతపురంలో పుట్టినవాడికి ఆ వాసనకు నోరూరాలి. నేను మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోతాను. "ఊరంతా లొట్టలేసుకోని తింటాంటే మీకేమొచ్చింది రోగం?" అని నా భార్య ఈసడిస్తుంది. ఏం చెప్పను? ఆ వాసన వెంబడే ఓబులేసు వస్తాడు. భుజాన తువ్వాలు, కాళ్ళకు టైరు చెప్పులు, ముఖాన ఎప్పుడూ ఉండే ఆ సగం నవ్వు. మీలో ఎవరూ అతన్ని చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉరవకొండ హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ. నేను మార్కుల్లో ముందు, అతను ఆటల్లో ముందు. పదో తరగతిలో పక్క ఊరి పిల్లలతో కబడ్డీ పందెం పడింది. జట్టు నాయకుణ్ణి నేనే. ఆట రాకపోయినా నోరున్నవాణ్ణి కదా! ఆఖరి కూతకు ఓబులేసు వెళ్ళి, ఒకణ్ణి తాకి తిరిగొచ్చేశాడు. మావాళ్ళు గెలిచామని కేకలు పెడుతుంటే అతనే చెయ్యెత్తి, "సార్, గీత దాటకముందే కూత తెగింది సార్" అన్నాడు. ఓడిపోయాం. ఇంటికి వెళ్ళే దారంతా నేను తిడుతూనే ఉన్నాను. "సార్‌కు తెలీలేదు గదరా! నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోతాండె?" అన్నాను. "సార్‌కు తెలీలేదు. నాకు తెల్సు గదప్పా" అన్నాడు. ఆ పూట అతన్ని చేతగానివాడన్నాను గానీ, తర్వాత ఉద్యోగంలో ఎవడైనా కవరు తీసుకొచ్చి బల్ల మీద పెడితే ఆ మాటే అడ్డొచ్చేది. సర్వీసంతా లంచం ముట్టలేదంటే అందులో నా గొప్పేమీ లేదు.

పదో తరగతితో అతని చదువు ఆగింది. వాళ్ళ నాయనకు కాళ్ళు పడిపోయాయి. ఆరెకరాల మెట్ట అతని నెత్తిన పడింది. నేను అనంతపురం కాలేజీకి, ఆపైన సర్కారు ఉద్యోగానికి వెళ్ళిపోయాను. వాళ్ళ ఊళ్ళో ఏ గట్టు తగాదా వచ్చినా ముందు ఓబులేసునే పిలిచేవాళ్ళట. ఈ మూల నుంచి ఆ మూలకు అంగలు వేసి ఎవరి హద్దు ఎక్కడుందో చెప్పేవాడు. రోజంతా నడిచినా అతని అంగ బెత్తెడు అటూ ఇటూ అయ్యేది కాదు. తర్వాత సర్వేయరు గొలుసు లాగినా అదే తేలేది. అన్నదమ్ములు కత్తులు నూరుకుంటున్నా సరే, "ఓబులేసు అంగేసినాడు" అంటే ఇంక మాట ఉండేది కాదు. ఆరెకరాల కన్నా అదే అతనికి పెద్ద ఆస్తి.

నా ఉద్యోగం పంట దిగుబడి లెక్క తీయడం. కోతకు ముందు మండలంలో కొన్ని పొలాలను చీటీలు తీసినట్టు ఎంచుతారు. ఎంచిన పొలంలో ఒక మూల నుంచి, కాగితంలో రాసినన్ని అంగలు నిలువునా అడ్డంగా నడవాలి. ఆగిన చోట మేకు కొట్టి, తాడుతో నలుచదరం కట్టి, అందులోని చెట్లు పీకి కాయలు తూచాలి. ఆ తూకాలను బట్టే అక్కడి రైతులందరికీ పంట బీమా వస్తుందో రాదో తేలుతుంది. తూకాలు బాగా పడిపోతేనే బీమా. తొంభైల చివర్లో ఒక కరువేడు (మాకు కరువు కానిదెప్పుడు లెండి) ఆ కాగితంలో ఓబులేసు చెనక్కాయ చేను వచ్చింది. అతన్ని చూసి పదేళ్ళు దాటింది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

"ఏమప్పా సీనా, దారి తప్పినావా?" అని గట్టు మీద ఎదురొచ్చాడు.

"నీ సేద్యమెంత గొప్పదో చూద్దామని వచ్చినా."

"ఏం చూస్తావ్‌లే. పైన గరుసు నేలలో చెట్టుకు రెండు కాయలు లేవు. ఈ దిగువ గట్టుకాడ వాననీళ్ళు నిలిచినందుకు రోంత పచ్చగుండాది, అంతే."

దిగువ మూల నుంచే నడవడం మొదలుపెట్టాను. అతను పక్కనే నడుస్తున్నాడు. నాలుగంగలు వేశామో లేదో బడి ముచ్చట్లు మొదలయ్యాయి. మా డ్రిల్లు మాస్టారు నోట్లో ఈల పెట్టుకునే నిద్రపోయేవాడు. గురక పెట్టినప్పుడల్లా ఈల మోగేది. ఆ ఈలకు మేమంతా పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడేవాళ్ళం. అది తలచుకుని ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగేసరికి నా లెక్క పోయింది. ఎండ నెత్తి మాడుస్తోంది. మళ్ళీ మూలకు పోయి మొదటి నుంచి నడవాలి. "ఎన్నైనాయో ఏమో, ఇదే అనుకుందాంలే" అని మేకు తీశాను.

అతని ముఖాన నవ్వు పోయింది. "ఇంగా పోవల్ల గదప్పా" అన్నాడు.

"యాడైనా ఇదే చేను గదా. కూర్చో, ఎన్నేండ్లకు కలిసినాం!"

నన్నొకసారి, పైనున్న గరుసు నేలనొకసారి చూశాడు. ఏమీ అనకుండా కూర్చున్నాడు. ఆ పచ్చటి జాగాలోనే మేకు కొట్టాను. తూకం బాగా వచ్చింది. పైగా నేను చుట్టూ చేరిన రైతులతో, "చూడండప్పా, సేద్యమంటే మా ఓబులేసుది!" అని మురిసిపోయాను కూడా. నా నోట్లో మన్నుపడ.

ఆ ఏడు బీమా కొద్దిలో తప్పిపోయింది. ఆ ఒక్క పొలం వల్లే తప్పిందా అంటే ఏమో, ఇప్పటికీ తెలియదు. ఊరికి కనిపించింది మాత్రం ఆ ఒక్క పొలమే. గొప్ప రైతన్న పేరు కోసం ఓబులేసే స్నేహితుణ్ణి పచ్చటి జాగాలో కూర్చోబెట్టి ఊరిని ముంచినాడన్నారు. ఆ తర్వాత గట్టు తగాదాలకు అతన్ని ఎవరూ పిలవలేదు. నేను గార్లదిన్నెకు బదిలీ అయ్యాక ఎవరో చెబితే ఇదంతా తెలిసింది. ఆ రోజే బస్సెక్కి వెళ్ళి నిజం చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం గుర్తొచ్చింది, పెన్షను గుర్తొచ్చింది. వెళ్ళలేదు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టను.

నాలుగైదేళ్ళకు రిటైరయ్యాను. ఊసుపోక ఒకనాడు ఉరవకొండ వెళితే బస్టాండు పక్క హోటల్లో ఓబులేసు కనిపించాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే లేచి కావిలించుకున్నాడు. అతనూ చేను బీడు పెట్టేశాడట. "నీకు సర్కారిచ్చింది రిటైర్మెంటు, నాకు వానదేవుడిచ్చినాడు" అని నవ్వాడు. అప్పట్నుంచి వారానికొకసారి ఆ హోటల్లో కలిసేవాళ్ళం. మా తరగతిలో ఎవరున్నారు, ఎవరు పోయారు, ఎవరికి షుగరొచ్చింది, ఎవరికి పళ్ళూడాయి అని టీ మీద టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళం. ప్రతివారమూ ఆ మాట ఎత్తుదామనే బస్సెక్కేవాణ్ణి. ఎత్తకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

ఒకనాడు ఎలాగో నోరు పెగిలింది. "ఓబులేసూ, ఆ పొద్దు మీ చేన్లో నేను..." అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. "ముప్పైనాలుగు అంగలు తక్కువేసినావు."

"నువ్వు లెక్కబెట్టినావా?"

"నా కాళ్ళు లెక్కబెడ్తానే ఉంటాయప్పా. గట్టిగా చెప్పల్సింది నేను. శానా ఏండ్లకొచ్చినావు, నవ్వుతాండావు, నోరు రాలేదు. అది నా తప్పే."

"మరి ఊరోళ్ళకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ ఉద్యోగం ఏం గావల్ల? పిల్లోళ్ళు సదువుకుంటాండ్రి నీకు." తర్వాత నా ముఖంలోకి చూడకుండా, "ఇప్పుడు నీకేం గాదు గదా సీనా. ఒగసారి మా ఊరికొచ్చి, రచ్చకట్ట కాడ నలుగుర్లో ఆ మాట చెప్పు. నేను పేరు కోసం చెయ్యలేదని చెప్పు. నాకింకేం వద్దు" అన్నాడు. జీవితంలో అతను నన్ను అడిగింది అదొక్కటే. వచ్చేవారం తప్పకుండా వస్తానన్నాను.

ఆ వచ్చేవారం మోకాళ్ళ నొప్పి. దాని తర్వాతి వారం మనవరాలి పుట్టెంట్రుకలు. ఆ తర్వాత ఏ కారణమూ లేదు. ఊరందరి ముందు దోషిగా నిలబడటానికి కాళ్ళు రాలేదు, అంతే. అతని ముఖం చూడలేక ఉరవకొండకు వెళ్ళడమే మానేశాను. రెండు నెలల తర్వాత హోటలతను ఫోన్ చేశాడు. "ఓబులేసన్న పోయినాడు సార్. గుండెనొప్పి" అన్నాడు.

పెద్దదినం నాడు వెళ్ళాను. పందిట్లో ఊరంతా భోజనాలకు కూర్చుని ఉంది. ఆ విస్తళ్ళ వరసల ముందు నిలబడి అంతా చెప్పాను. నేను లెక్క మరిచిపోవడం, అతను ఇంకా పోవాలనడం, నేను వినకపోవడం, అతను నన్ను కాపాడటం. వడ్డించేవాళ్ళు వడ్డిస్తూనే ఉన్నారు. ఒక ముసలాయన మాత్రం, "అయిందేదో అయింది లే సార్. అది ఎప్పటి మాట! కూర్చోండి" అన్నాడు.

ఓబులేసు భార్య సుంకమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"మా సీనుడు వస్తాడు, మీకొగ మాట చెప్తాడు అని ఊరంతా చెప్పి పెట్టినాడన్నా. వారం వారం పొద్దున బస్సు టయానికి ఉతికిన గుడ్డలేసుకోని పోయి రచ్చకట్ట కాడ కూర్చుంటాండె. బస్సు వచ్చి పోతాండె. జనాలు నవ్వుతాండ్రి. వానికేదో పనిబడింటాది, మాట తప్పేవాడు గాదు అని నీ తరపున వాళ్ళతో కొట్లాడి వస్తాండె."

ఆమె పక్కనే నేల మీద కూర్చోబోయాను.

"పో అన్నా, భోంచెయ్. శానా దూరం నుంచొచ్చినావు" అంది.

విస్తరి ముందు కూర్చున్నాను. ఎవరో అన్నం పెట్టారు, ఎవరో పప్పు వేశారు. "ఇంకొంచెం ఏసుకోండి సార్" అని మర్యాద చేశారు. ఆ ఊళ్ళో నన్నెవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. ఓబులేసు అడిగిన ఒకే ఒక్క పనిని ఓబులేసు లేని ఊళ్ళో చేసి, వాళ్ళు పెట్టిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. ఆ అన్నం నాకు ఇప్పటికీ అరగలేదు.