లైట్లార్పే డాక్టరమ్మ

పదకొండు నెలలు నానా తంటాలు పడి, గాజు పళ్లెంలో పెరిగిన కాలేయ క్యాన్సర్ కణాల్ని ఎర్రటి వెలుతురుతో చంపింది డాక్టరమ్మ. అంతటి మనిషికి ఒక్కటే పిచ్చి: వెలిగే లైటు కంటపడితే ఆర్పేదాకా చెయ్యి ఊరుకోదు.

ఆ ఘనత ఊరంతా చాటేది సీసాల తాత. పల్లెటూరి బళ్లో ఐదో తరగతి చదివి, ముప్పై ఏళ్లుగా పరిశోధనశాలలో గాజుసామాను కడుగుతున్నాడు.

"మా డాక్టరమ్మ చేసిన మందు కణంలో దూరి చీకట్లో నిద్రపోతుందయ్యా. లైటు వేశామా, లేచి దాని పనిపడుతుంది. దూరకముందే వెలుతురు తగిలిందా, మందు వృథా!"

"అందుకని భోజనాల గదిలో లైటెందుకార్పాలి తాతా?" అని ఏడ్చాడు గుమాస్తా. ఆ మధ్యాహ్నం అతని చెయ్యి పక్కవాడి పళ్లెంలోకి పోయింది మరి.

"నోరెక్కడుందో మీకు తెలుసు కదా, కానివ్వండి," అందట డాక్టరమ్మ.

సొంత తమ్ముడి పెళ్లిలో ఫొటోగ్రాఫర్ లైటూ ఆర్పేసింది. ఆ ఆల్బంలో పెళ్లికూతురు ఎవరో ఇప్పటికీ తేలలేదు.

అందరూ నవ్వేవాళ్లు. తాత మాత్రం తల దించుకునేవాడు. రెండేళ్ల కిందట చీకటిగదిలో పళ్లేలు తీస్తూ, మందుకి హాని చెయ్యని చిన్న ఆకుపచ్చ బల్బు బదులు తెల్లలైటు వేసేశాడు. బొట్టుబొట్టుగా కూడబెట్టిన మూడు నెలల మందు మట్టిపాలైంది. చెబితే ఉద్యోగం ఊడుతుందని నోరు కుట్టేసుకున్నాడు. మర్నాడు పెద్దసారు గది కప్పు ఎగిరేలా కేకలేస్తే, "మరిచిపోయి నేనే వేశాను సార్," అంది డాక్టరమ్మ. ఆవిడ లైట్ల పిచ్చి ఆ వారంలోనే మొదలైంది.

ఇప్పుడు రోగుల గడ్డల ముక్కల మీద మందు పరీక్షించడానికి పొరుగూరి ఆసుపత్రికి బయల్దేరింది. చీకటిగది తాళంచెవి తాత చేతిలో పెట్టింది.

"నేను తీసుకెళ్లగా మిగిలిన మందంతా లోపలే ఉంది. జాగ్రత్త."

"నాకొద్దు తల్లీ. ఆ రోజు తెల్లలైటు వేసిన పాపిష్టివాణ్ణి నేనే."

"తెలుసు. మీ తుండుగుడ్డ అక్కడే వదిలేశారుగా."

"తెలిసీ నెత్తిన వేసుకున్నారా?"

"వేసుకున్నాక అబద్ధం అతకాలిగా తాతా! ఒకసారి దెబ్బతిని బుద్ధొచ్చినదానిలా కనిపించాలని, కనిపించిన లైటల్లా ఆర్పడం మొదలెట్టా. ఇప్పుడు మానేద్దామంటే చెయ్యి వినడం లేదు."

తాతకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తాళంచెవి వెనక్కివ్వబోతే ఆవిడ ఆయన వేళ్లు మూసేసింది.

"మీరు తప్ప దీనికి ఎవరూ తగరు. రెండేళ్లుగా ఆ గది ముందు మీరే కదా కాళ్లు కూడా తుడుచుకుని నడుస్తున్నారు!"

తాత తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

"సరే తల్లీ. మళ్లీ ఎప్పుడొస్తారు?"

"ఇరవై రెండో తారీఖు, సోమవారం."