దిష్టికి కట్టిన జాకీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా వాడకట్టులో ఎవరికైనా పూనకం వస్తే ముందు నవ్వేది నేనే, తిట్లు తినేదీ నేనే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఖతర్‌లో చమురు డబ్బు పొంగుతున్న రోజులు. దోహాలో నేను సైట్ హెల్పర్‌ని. మా ఇంగ్లీషు ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ నాకో పింగాణీ జగ్గు ఇచ్చాడు. మామూలు జగ్గు కాదు, గుర్రప్పందేల జాకీ తలకాయ. ఎర్ర టోపీ, మిటకరించిన గుడ్లు, ఇకిలించిన పళ్లు. పిడేమో గుర్రం తల. షోకేసులో దాచుకునే వస్తువట. నాకేం తెలుసు? ఆ మొహం చూడగానే దిష్టిబొమ్మ అనుకున్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా గది గుమ్మానికి వేలాడదీసి, బుగ్గన కాటుక చుక్క కూడా పెట్టాను.

దిష్టి భయం ఎందుకంటే, నాకు పెళ్లి కుదిరింది. పిల్ల పేరు సుజాత. డ్రైవర్‌కు తప్ప ఇవ్వనని వాళ్ల నాన్న పట్టు. మా ఊళ్లో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే కాబట్టి, ‘దుబాయ్‌లో డ్రైవర్‌ని’ అని గొప్పగా చెప్పేశాను. లైసెన్సు పరీక్షలో అప్పటికే నాలుగుసార్లు తప్పాను. ప్రతిసారీ రివర్సే! రెండు డ్రమ్ముల మధ్యకు వెనక్కి పోనిచ్చి ఆపమంటే, ఏదో ఒక డ్రమ్మును పడగొట్టేవాణ్ణి. తల కొట్టేసినట్టయ్యేది. ఐదోసారీ తప్పితే సుజాత మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఐదో పరీక్ష రోజు ఉదయం బండి ఎక్కాను. పక్కన పరీక్ష పెట్టే పోలీసు. రివర్స్ గేరు వేశానో లేదో, స్టీరింగ్ దానంతటదే తిరిగింది. ఒట్టు! నేను పట్టుకుని కూర్చున్నానంతే. బండి సరిగ్గా డ్రమ్ముల మధ్యకు వెళ్లి ఆగింది.

పోలీసు వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏయ్ టోపీవాలా! మదద్ నహీ! యల్లా, ఉతరో!”

సాయం చెయ్యొద్దు, దిగమంటున్నాడు. ఎవర్ని? వెనక సీటు ఖాళీ. ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఇంకేమీ అడగకుండా కాగితం మీద పాస్ అని గీకి, తలుపు కూడా వెయ్యకుండా దిగిపోయాడు.

నేను తిరిగొచ్చేసరికి, నాతో గదిలో ఉండే హైదరాబాద్ సలీం భాయ్ గుమ్మం ముందు గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

“ఏందిరా ఇది? పొద్దుగాల్నుంచి నీ బొమ్మకు ఒకటే చెమటలు. మూడుసార్లు తుడిసిన.”

నిజమే. కాటుక చెరిగి గడ్డం దాకా కారింది. ఏసీ చల్లదనానికి నీరు పట్టిందేమో అందామంటే, మా గదిలో ఏసీ లేదు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత ధైర్యం చేసి ఈ ముచ్చటంతా సుజాతకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది.

“మా నాయిన నన్ను డ్రైవర్‌కు ఇచ్చిండు గదా. మరి ఆ దినం బండి నడిపినోడు ఎవడు?”